ఈమ్: ప్లేగును పొలిమేర దాటనివ్వని ఇంగ్లండ్ పల్లె – తరచుగా అడిగే ప్రశ్నలు

షెఫీల్డ్, మాంచెస్టర్ వైపు చదువుకోవడానికో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్ళు వారాంతంలో పీక్ డిస్ట్రిక్ట్ కొండలు చూడటానికి వెళ్తుంటారు. దారిలో ఈమ్ అనే చిన్న ఊరు తగులుతుంది. చాలామంది అక్కడ ఒక టీ తాగి, రెండు ఫొటోలు దిగి వచ్చేస్తారు. ఆ ఊరి కథ తెలిశాక మళ్ళీ వెళ్ళి చూసేవాళ్ళూ ఉన్నారు. ముందే తెలుసుకుని వెళ్తే బాగుంటుందని, ఎక్కువమంది అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

ఈ ఊరు ఎక్కడ ఉంది? ఎంత పెద్దది?

ఇంగ్లండ్ నడిమధ్యన, డెర్బీషైర్ కౌంటీలో, పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్క్ లోపల ఉంది. షెఫీల్డ్‌కు నైరుతి దిక్కున, కారులో అరగంటకు కాస్త ఎక్కువ పడుతుంది. జనాభా వెయ్యికి అటూ ఇటూ. కొండవాలు మీద ఒకటే పొడవాటి వీధి, దానికి రెండు పక్కలా బూడిదరంగు రాతి ఇళ్ళు, మధ్యలో చర్చి. ఊరి పేరును ఇంగ్లిషులో చూసి 'ఇయామ్' అని చదివేస్తారు. స్థానికులు 'ఈమ్' అంటారు. బస్సులో టికెట్ అడిగేటప్పుడు అలాగే అడగండి.

ఇంత చిన్న ఊరికి అంత పేరు ఎందుకు వచ్చింది?

1665లో లండన్‌లో ప్లేగు జనాన్ని ఊడ్చేస్తున్న కాలంలో ఆ రోగం ఈ మారుమూల పల్లెకూ చేరింది. పారిపోయే దారులు తెరిచే ఉన్నాయి. అయినా 1666 వేసవిలో ఊరివాళ్ళు పొలిమేర దాటకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు. చుట్టుపక్కల ఊళ్ళకు, షెఫీల్డ్ లాంటి పట్టణాలకు రోగం పాకకూడదని తమ ఊళ్ళోనే ఉండిపోయారు. పద్నాలుగు నెలల్లో 76 కుటుంబాల నుంచి 260 మంది చనిపోయారని లెక్క. 'ప్లేగు విలేజ్' అనే పేరు అప్పటిదే.

మొత్తం జనాభా ఎంత ఉండేదన్న దాని మీద భేదాభిప్రాయాలున్నాయి. పాత పుస్తకాలు 350 అంటాయి. పన్నుల రికార్డులు, చర్చి రిజిస్టర్లు మళ్ళీ పరిశీలించినవాళ్ళు దాదాపు 700 ఉండొచ్చంటున్నారు. 'నూటికి డెబ్భై అయిదు మంది పోయారు' అని ఎక్కడైనా చదివితే అది పాత లెక్క అని గుర్తుపెట్టుకోండి. కొత్త లెక్క ప్రకారం చూసినా, ముగ్గురిలో ఒకరు పోయినట్టే.

కొండల మధ్య ఉన్న పల్లెకు లండన్ ప్లేగు ఎలా వచ్చింది?

బట్టల మూట ద్వారా. ఊళ్ళో అలెగ్జాండర్ హాడ్‌ఫీల్డ్ అనే దర్జీ ఉండేవాడు. 1665 ఆగస్టు ఆఖర్లో లండన్ నుంచి అతనికి గుడ్డల మూట ఒకటి వచ్చింది. అతని దగ్గర పనిచేసే జార్జ్ వికర్స్ మూట విప్పి చూస్తే గుడ్డలు చెమ్మగా ఉన్నాయి. ఆరబెట్టడానికి పొయ్యి దగ్గర వేలాడదీశాడు. ఆ మడతల్లో ప్లేగును మోసే ఫ్లీలు (ఎలుకల ఒంటి మీద రక్తం పీల్చి బతికే చిన్న పురుగులు) ఉన్నాయని, వెచ్చదనానికి అవి బయటికొచ్చాయని చెబుతారు. సెప్టెంబర్ 7న వికర్స్‌ను పాతిపెట్టారు. చంకల్లో, గజ్జల్లో బిళ్ళలు కట్టడం, విపరీతమైన జ్వరం, మూడు నాలుగు రోజుల్లో ప్రాణం పోవడం ఈ రోగం తీరు.

ఆ ఇంటి ఇల్లాలు మేరీ. మొదటి భర్త పోయాక హాడ్‌ఫీల్డ్‌ను పెళ్ళి చేసుకుంది. మొదటి భర్త వల్ల కలిగిన ఇద్దరు కొడుకులు, ఎడ్వర్డ్, జోనథన్, వికర్స్ పోయిన నెల రోజుల్లోపే వరసగా చనిపోయారు. మరుసటి ఏడాది ఆగస్టులో హాడ్‌ఫీల్డ్ కూడా పోయాడు. మేరీ మాత్రం బతికింది. చర్చి పక్కనున్న 'ప్లేగు కాటేజీల' వరసలో ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. ఇంటి ముందు ఆకుపచ్చ పలక మీద ఆ ఇంట్లో ఎవరెవరు పోయారో పేర్లతో రాసి ఉంటుంది. ఊళ్ళో నడుస్తుంటే ఇలాంటి పలకలు చాలా కనిపిస్తాయి. ఒక్కోదాని ముందు ఆగి, పేర్లు చదువుతూ వెళ్ళండి. 260 అనే అంకె మనకు ఎక్కాలంటే అదొక్కటే మార్గం.

పొలిమేర దాటకూడదన్న నిర్ణయం ఎవరిది?

ఇద్దరు మతగురువుల పేర్లు వినిపిస్తాయి. ఒకరు విలియం మాంపెసన్, 1664లోనే ఊరికి వచ్చిన యువ పాస్టర్. రెండోవారు థామస్ స్టాన్లీ, అంతకు ముందున్న పాస్టర్. ఇంగ్లండ్‌లో రాజరికం తిరిగొచ్చాక, కొత్త ప్రార్థనా పద్ధతులకు ఒప్పుకోని ప్యూరిటన్ గురువులతో పాటు ఆయన పదవీ పోయింది. అయినా ఊరు విడిచిపోలేదు. ఊళ్ళో చాలామందికి పాత గురువు మీదే గురి. కొత్తాయన మాట వినేవాళ్ళు తక్కువ. మతం విషయంలో ఉప్పూ నిప్పులా ఉండాల్సిన ఆ ఇద్దరూ చేతులు కలపబట్టే ఊరు ఒక్క మాట మీద నిలబడిందని నా అభిప్రాయం. మాంపెసన్ పేరు మాత్రమే చెప్పి స్టాన్లీని వదిలేసే కథలు సగం కథలే.

1666 జూన్ 24న మూడు కట్టుబాట్లు పెట్టుకున్నారు. ఎవరి ఇంట్లో చనిపోయినవాళ్ళను ఆ ఇంటివాళ్ళే దగ్గర్లో పాతిపెట్టుకోవాలి, చర్చి శ్మశానానికి తేకూడదు. చర్చికి తాళం వేసి ప్రార్థనలు ఆరుబయట, మనిషికీ మనిషికీ దూరంగా జరుపుకోవాలి. ఊరి హద్దు దాటి ఎవరూ పోకూడదు, ఎవరూ లోపలికి రాకూడదు. సూక్ష్మజీవులంటే ఏమిటో ప్రపంచానికి ఇంకా తెలియని కాలంలో పెట్టుకున్న నియమాలివి. కోవిడ్ లాక్‌డౌన్ చూసిన మనకు వీటిని విడమరచి చెప్పనక్కర్లేదు.

అందరూ ఇష్టపూర్వకంగానే ఉండిపోయారా?

కాదు. డబ్బున్న కొన్ని కుటుంబాలు ముందే వెళ్ళిపోయాయి. మాంపెసన్ కూడా తన ఇద్దరు పిల్లల్ని, జార్జ్‌ను, ఎలిజబెత్‌ను, కట్టుబాటుకు ముందే యార్క్‌షైర్‌లోని బంధువుల దగ్గరికి పంపించాడు. భార్య కాథరిన్‌ను కూడా వెళ్ళమన్నాడు, ఆమె వెళ్ళలేదు. పేదవాళ్ళకు వెళ్ళడానికి చోటూ లేదు. రోగం ఉన్న ఊరి నుంచి వచ్చారంటే పక్క ఊళ్ళవాళ్ళు రానిచ్చేవాళ్ళు కారు.

అయితే ఉండిపోయినవాళ్ళు వేరే గతిలేక ఉన్నారంటే నేను ఒప్పుకోను. చుట్టూ ఉన్నది గోడ కాదు, తెరిచి ఉన్న కొండలు. రాత్రిపూట ఒక కుటుంబం నడుచుకుంటూ పోతే ఆపే కాపలా సైన్యం లేదు. 1666 ఆగస్టు ఒక్క నెలలోనే 78 మంది పోయారు. అలాంటి నెలలో కూడా కట్టుబాటు దాదాపు చెక్కుచెదరకుండా నిలిచింది. ఈమ్ గొప్పతనం అక్కడుంది.

తిండి ఎలా దొరికింది?

దగ్గర్లోని చాట్స్‌వర్త్ భవనంలో ఉండే డెవన్‌షైర్ ఎర్ల్ ఆహారం, మందులు పంపే ఏర్పాటు చేశాడు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా పొలిమేర దగ్గర సరుకులు పెట్టి వెళ్ళేవాళ్ళు. ఈమ్ వాళ్ళు తర్వాత వచ్చి తీసుకునేవాళ్ళు. ఇవ్వాల్సిన డబ్బులు అక్కడే పెట్టేవాళ్ళు.

ఆ చోట్లలో రెండు ఇప్పటికీ చూడొచ్చు. ఊరి ఉత్తరాన కొండ మీద 'మాంపెసన్ బావి' ఉంది. పేరుకు బావే గానీ చిన్న నీటి ఊట. పారే నీళ్ళలో నాణేలు వేసేవాళ్ళు. రెండోది స్టోనీ మిడిల్టన్ ఊరి వైపు పొలాల మధ్యనున్న పొలిమేర రాయి. దాని మీద చిన్న చిన్న గుంటలు తొలిచి ఉన్నాయి. వాటిలో వెనిగర్ పోసి నాణేలు అందులో ముంచి పెట్టేవాళ్ళు, రోగం అంటకుండా. మూడున్నర శతాబ్దాల ఎండకూ వానకూ ఆ గుంటల అంచులు నునుపుదేరాయి. చూపుడు వేలు సరిగ్గా పడుతుంది. ఇప్పుడు కూడా వచ్చినవాళ్ళు అందులో చిల్లర నాణేలు వేసి వెళ్తుంటారు.

ఈమ్‌లో ఒక్కటే చూసే టైమ్ ఉంటే ఏం చూడాలని ఎవరైనా అడిగితే నేను ఈ రాయే చెబుతాను. ఊళ్ళోంచి పొలాల మీదుగా నడకదారి ఉంది, పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. వాన పడితే బురద, కాబట్టి మంచి బూట్లు వేసుకోండి.

రైలీ సమాధుల కథ ఏమిటి?

ఊరికి తూర్పున కొండవాలు మీద, పొలం మధ్యలో, గుండ్రటి రాతి గోడ లోపల కొన్ని సమాధులున్నాయి. అవి హాంకాక్ కుటుంబానివి, రైలీ అనేది ఆ చోటి పేరు. 1666 ఆగస్టు మొదటి వారంలో రోగం ఆ ఇంట్లో అడుగుపెట్టింది. ఎనిమిది రోజుల్లో భర్త, ఆరుగురు పిల్లలు పోయారు. ఎవరి శవాన్ని ఆ ఇంటివాళ్ళే పాతిపెట్టాలన్నది కట్టుబాటు. ఇంట్లో మిగిలింది ఎలిజబెత్ హాంకాక్ ఒక్కతే. ఏడు గుంతలూ ఆమే తవ్వింది. ఏడుగురినీ ఆమే లాక్కొచ్చి పూడ్చింది. ఎదురు కొండ మీద నుంచి స్టోనీ మిడిల్టన్ వాళ్ళు చూస్తూ ఉండేవాళ్ళని, దగ్గరికి రావడానికి ఎవరికీ ధైర్యం చాలలేదని చెప్పుకుంటారు.

ఆమెకు రోగం రాలేదు. తర్వాత షెఫీల్డ్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళిపోయిందంటారు. ఆ స్థలం ఇప్పుడు నేషనల్ ట్రస్ట్ సంరక్షణలో ఉంది. మాంపెసన్ మీద, ప్రేమికుల మీద నాటకాలూ పాటలూ వచ్చాయి గానీ, ఈమ్ అనగానే నాకు ముందు ఈ తల్లే గుర్తొస్తుంది. కట్టుబాటు పెట్టుకోవడం ఒక ఎత్తు, ఎనిమిది రోజుల పాటు ఒంటరిగా దాన్ని పాటించడం ఇంకో ఎత్తు.

ప్రేమికుల కథ నిజమేనా?

ఈమ్ అమ్మాయి ఎమట్ సిడాల్, స్టోనీ మిడిల్టన్ అబ్బాయి రోలండ్ టోర్. రోగం మొదలయ్యాక లోయకు అటూ ఇటూ నిలబడి, దూరం నుంచే ఒకరినొకరు చూసుకునేవాళ్ళట. ఒకరోజు నుంచి ఆమె రావడం మానేసింది. రోలండ్ మాత్రం రోజూ వచ్చి నిలబడేవాడట. రాకపోకలు తెరుచుకున్నాక ఊళ్ళోకి పరుగెత్తిన మొదటివాళ్ళలో అతనూ ఉన్నాడట. ఎమట్ పోయింది 1666 ఏప్రిల్ చివర్లో, అంటే జూన్ కట్టుబాటుకు ముందే. కాబట్టి పొలిమేర మూసేసినందువల్ల విడిపోయారన్న రూపంలో కథ నిలవదు. ఎమట్ మాత్రం నిజంగా ఉంది, ఆ ఇంట్లో చాలామంది పోయారు.

ఊరి కథలన్నిటికీ ఇలాంటి చిక్కే ఉంది. ఆ కాలంలో రాసినవి మాంపెసన్ ఉత్తరాలు మూడు మాత్రమే మిగిలాయి. చర్చి రిజిస్టర్ ఉంది గానీ ఇప్పుడున్నది తర్వాతి కాలంలో తీసిన నకలు. మనం వినే వివరాల్లో చాలావరకు విలియం వుడ్ అనే ఈమ్ వాసి 1842లో, ఊరి పెద్దల నోట విన్నవి కూర్చి రాసిన చరిత్ర నుంచి వచ్చాయి. అంటే సంఘటన జరిగిన దాదాపు 180 ఏళ్ళకు. చనిపోయినవాళ్ళ పేర్లూ తేదీలూ రిజిస్టర్ ఆధారంగా చెప్పినవి నమ్మొచ్చు. మాటలూ సన్నివేశాలూ మాత్రం కథలుగానే వినండి.

మాంపెసన్ తర్వాత ఏమయ్యాడు?

కాథరిన్ మాంపెసన్ ఇంటింటికీ తిరిగి రోగుల్ని చూసేది. 1666 ఆగస్టు 25న ఆమె చనిపోయింది. చర్చి ఆవరణలో, పాత శిలువ దగ్గర ఆమె సమాధి ఉంది. నవంబర్ 1తో చావులు ఆగిపోయాయి. అదే నెలలో రాసిన ఉత్తరంలో మాంపెసన్, ఊరు పుర్రెల దిబ్బ అయిపోయిందని, అలాంటి ఏడుపులు తన చెవులు ఎన్నడూ వినలేదని రాశాడు.

1669లో ఆయనకు నాటింగమ్‌షైర్‌లోని ఈక్రింగ్ అనే ఊరికి మార్పు వచ్చింది. ప్లేగు ఊరి నుంచి వస్తున్నాడని అక్కడివాళ్ళు భయపడి లోపలికి రానివ్వలేదు. కొంతకాలం రఫర్డ్ పార్కులో ఒక గుడిసెలో ఉండాల్సి వచ్చింది. ఆ తర్వాత చివరిదాకా అక్కడే పనిచేసి 1709లో పోయాడు. స్టాన్లీ ఈమ్‌లోనే ఉండి 1670లో చనిపోయాడు.

ఊళ్ళో బంధించుకోవడం వల్ల చావులు ఇంకా పెరగలేదా?

చరిత్రకారులు చాలాకాలంగా వాదించుకుంటున్న ప్రశ్న ఇది. ఊరు ఖాళీ చేసి కొండల మీద విడివిడిగా పాకలు వేసుకుని ఉంటే తక్కువ మంది పోయేవాళ్ళని కొందరంటారు. ప్లేగు ఎలుకల మీది ఫ్లీల ద్వారానే వస్తుందనుకుంటే ఆ మాట సబబే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మన రాయలసీమలో, హైదరాబాద్ రాజ్యంలో ప్లేగు వచ్చినప్పుడు జనం చేసిందీ అదే. ఇళ్ళకు తాళాలు వేసి, పొలాల్లో పాకల్లో ఉన్నారు.

2016లో పరిశోధకులు ఈమ్ రిజిస్టర్‌లోని తేదీలనూ కుటుంబాలనూ కంప్యూటర్ మోడల్‌తో పరిశీలించారు. దాదాపు నాలుగింట మూడొంతుల కేసులు మనిషి నుంచి మనిషికి వచ్చినవేనని తేల్చారు. ఒక ఇంట్లో ఒకరికి వస్తే మిగతావాళ్ళకు అంటుకోవడం, పేదల ఇళ్ళలో ఎక్కువగా ఉండటం కూడా కనిపించాయి. అదే నిజమైతే, జనాన్ని గుంపులుగా చేరనివ్వకపోవడం, శవాల్ని దూరంగా పూడ్చడం లాంటి నియమాలు లోపలివాళ్ళకూ మేలే చేసి ఉంటాయి. పక్క ఊళ్ళకు మేలు జరిగిందనడంలో పెద్దగా వాదం లేదు. చుట్టుపక్కల ఊళ్ళకు ఈమ్ నుంచి ప్లేగు పాకలేదు.

బతికినవాళ్ళ వారసులకు ప్రత్యేకమైన జన్యువు ఉందని టీవీ కార్యక్రమాల్లో చూపించారు. సీసీఆర్5 డెల్టా 32 అనే మార్పు అది. హెచ్ఐవీకి అది అడ్డుపడే మాట నిజం. ప్లేగు నుంచి కాపాడిందన్నది మాత్రం రుజువు కాలేదు, తర్వాతి పరిశోధనలు దాన్ని సమర్థించలేదు.

'రింగా రింగా రోజెస్' పాట ఈ ప్లేగు మీదే పుట్టిందా?

మన నర్సరీ పిల్లలు కూడా పాడే పాట కాబట్టి అందరూ అడుగుతారు. రోజెస్ అంటే ఒంటి మీద ఎర్రని మచ్చలని, 'ఆల్ ఫాల్ డౌన్' అంటే చావని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. ఈ పాట ఇంగ్లండ్‌లో అచ్చయింది 1880లలో, ప్లేగు పోయిన రెండు వందల ఏళ్ళ తర్వాత. ప్లేగుతో ముడిపెట్టడం ఇరవయ్యో శతాబ్దంలోనే మొదలైంది. జానపద పరిశోధకులు దీన్ని ఒప్పుకోరు. పిల్లల్ని హాయిగా పాడుకోనివ్వండి.

ప్లేగు కాకుండా ఊళ్ళో చూడాల్సినవి ఏమున్నాయి?

ముందు సెయింట్ లారెన్స్ చర్చి. ఆవరణలో ఆంగ్లో-సాక్సన్ కాలపు రాతి శిలువ ఉంది, ప్లేగుకు దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ ముందుది. పైన కొంత ముక్క పోయింది గానీ దేవదూతల బొమ్మలు, అల్లికల చెక్కడాలు బాగా తెలుస్తాయి. చర్చి దక్షిణపు గోడకు పైన 1775 నాటి నీడ గడియారం ఉంది. ఈమ్‌లో టైమే కాదు, మక్కా, మెక్సికో లాంటి దూర ప్రాంతాల పేర్లు కూడా దాని మీద చెక్కారు. వాటిలో మన కాలికట్ ఉంది. ఇంగ్లిష్ కొండపల్లెలో చర్చి గోడ మీద కేరళ రేవు పేరు! తల బాగా పైకెత్తి వెతికితే గానీ కనిపించదు.

క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్ళు అదే ఆవరణలో హ్యారీ బ్యాగ్‌షా సమాధి వెతకండి. డెర్బీషైర్ కౌంటీకి ఆడినవాడు, 1927లో పోయాడు. రాతి మీద బంతి తగిలి వికెట్ పడిపోతున్నట్టు, పైన అంపైర్ వేలు ఎత్తినట్టు చెక్కారు.

వీధిలో కాస్త ముందుకెళ్తే ఈమ్ హాల్. ప్లేగు పోయిన కొన్నేళ్ళకు, 1670లలో రైట్ కుటుంబం కట్టించిన పెద్ద రాతి భవనం. దానికి ఎదురుగా నేరస్తుల కాళ్ళు బిగించే కొయ్య బొండ ఉంది. ఊరి మ్యూజియం 1994లో తెరిచారు, పాత మెథడిస్ట్ చర్చి భవనంలో. చిన్నదే గానీ చాలా శ్రద్ధగా పెట్టారు. ముందు అక్కడికి వెళ్ళి ఆ తర్వాత ఊరు తిరిగితే ఏది ఎక్కడో తెలుస్తుంది.

ఆరుబయట ప్రార్థనలు జరిగిన లోయను కక్లెట్ డెల్ఫ్ అంటారు. అక్కడి సున్నపురాతి కమానులో నిలబడి మాంపెసన్ బోధించేవాడని చెబుతారు.

ఊరివాళ్ళు దేని మీద బతికేవాళ్ళు?

చాలాకాలం సీసపు గనుల మీద. చుట్టుపక్కల కొండల నిండా పాత గని గుంతలే, నడకదారి వదిలి వెళ్ళొద్దు. చర్చి పాస్టర్‌కు గని ఖనిజంలో వాటా ఉండేది, అందుకే ఒకప్పుడు ఇది బాగా డబ్బున్న పదవి. గనులు తగ్గాక పట్టు నేత, బూట్ల తయారీ వచ్చాయి. ఇప్పుడు ఎక్కువమంది షెఫీల్డ్ లాంటి చోట్ల ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళే.

నీళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. ఊటల నీటిని రాతి తొట్లలోకి మళ్ళించి వీధి పొడవునా అందరికీ అందేలా చేసిన ఏర్పాటు ఇక్కడ 1588 నుంచే ఉంది. ఇంగ్లండ్ పల్లెల్లో తొలి ఊరుమ్మడి నీటి ఏర్పాట్లలో ఒకటిగా దీన్ని చెప్పుకుంటారు. ఆ తొట్లు కొన్ని ఇంకా వీధిలో ఉన్నాయి.

ఎప్పుడు వెళ్తే బాగుంటుంది?

ఆగస్టు ఆఖరి వారం. నెలలో చివరి ఆదివారం 'ప్లేగు సండే'. ఊరివాళ్ళు, బయటివాళ్ళు కలిసి కక్లెట్ డెల్ఫ్‌కు నడిచి వెళ్ళి ప్రార్థన చేస్తారు, కాథరిన్ సమాధి మీద పూలదండ పెడతారు. అదే రోజుల్లో బావుల అలంకరణ ఉంటుంది. చెక్క పలకల మీద తడి బంకమన్ను పరిచి, పూరేకులు, ఆకులు, గింజలు ఒక్కొక్కటే అద్ది బొమ్మ తయారుచేసి నీటి ఊటల దగ్గర నిలబెడతారు. డెర్బీషైర్ అంతటా ఉన్న ఆచారం ఇది.

ఎలా వెళ్ళాలి?

షెఫీల్డ్ నుంచి బస్సు ఉంది, ఆదివారాలు తక్కువగా తిరుగుతుంది కాబట్టి టైమింగ్స్ ముందే చూసుకోండి. రైలైతే మాంచెస్టర్–షెఫీల్డ్ మధ్య నడిచే లైన్‌లో గ్రిండిల్‌ఫర్డ్ స్టేషన్ దగ్గర. అక్కడి నుంచి అయిదారు కిలోమీటర్లు, ఎత్తు ఎక్కాలి. కారైతే మ్యూజియం ఎదురుగా పార్కింగ్ ఉంది. ప్లేగు కాటేజీల్లో ఇప్పటికీ కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. పలకలు రోడ్డు మీద నుంచే చదవొచ్చు, కిటికీల్లోకి తొంగిచూడొద్దు, గేటు తీసుకుని లోపలికి వెళ్ళొద్దు. రైలీ సమాధుల దారిలో గొర్రెలు మేస్తుంటాయి. తెరిచిన గేటు మళ్ళీ వేసి వెళ్ళండి.